చివరి పుట మీద అంటించిన కాగితం

సబా అల్ సలేంలో నేను పనిచేసే ఇంటి పెద్దాయనకు ఎనభై దాటాయి. ఇంట్లో అందరూ ఆయనను బాబా అంటారు. నేనూ అలాగే పిలుస్తాను. ఆయన పుట్టింది కువైట్‌లోనే. వాళ్ల తాత మాత్రం ఇరాన్ తీరం నుంచి తెరచాప పడవలో వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. అలాంటి కుటుంబాలను ఇక్కడ అజమ్ అంటారు. పాత సూక్‌లో, అంటే బజారులో, తాత పెట్టిన బట్టల దుకాణాన్ని బాబా చాలా ఏళ్లు నడిపారు. మోకాళ్లు అరిగిపోయాక దాన్ని మానేసి ఇంటిపట్టున ఉంటున్నారు.

మాది జగిత్యాల జిల్లా, కోరుట్ల పక్కన పల్లె. డిగ్రీ దాకా చదివాను. మొదటిసారి క్లీనింగ్ కంపెనీ వీసా మీద వచ్చి కువైట్ సిటీలో ఆఫీసులు తుడిచాను. అది అయిపోయాక ఇంటికి వెళ్లి, రెండోసారి ఈ ఇంటి వీసా మీద వచ్చాను. ఇల్లు, వాకిలి శుభ్రం చేయడం, బాబాకు వేళకు మందులివ్వడం, సాయంత్రం ఆయన చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా నడిపించడం నా పని. శుక్రవారం దివానియాలో, అంటే మగవాళ్లంతా చేరి కబుర్లు చెప్పుకునే ముందు గదిలో, చాయ్ పోయడం కూడా నేనే చేస్తాను. బాబా కూతురు కాలేజీలో చరిత్ర చెబుతారు. ఇల్లు నడిపేది ఆవిడే, మా కఫీల్, అంటే మా వీసాకు పూచీ ఉన్న యజమాని, కూడా ఆవిడే. మేం ఆవిడను మామా అంటాం, ఇక్కడ అమ్మను అలా పిలుస్తారు. మేం అంటే నేనూ, వంట చేసే అక్కా. అక్కది అమలాపురం వైపు. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

బాబా కుర్రతనంలో బొంబాయిలో కొన్నేళ్లు ఉన్నారు. అందుకే ఉర్దూ బాగా వచ్చు. మేమిద్దరం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం. ఆయన మాటలన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ప్రతి గురువారం పొద్దున డ్రైవర్ ఇరానీ రొట్టెలు తెచ్చేవాడు. తందూరు నుంచి అప్పుడే తీసినవి, చేతి పొడవున ఉండేవి. తెల్ల జున్ను, పుదీనా, ఉల్లికాడలు పక్కన పెట్టుకుని, చక్కెర బిళ్ల పళ్ల మధ్య ఇరికించి చిన్న గాజు గ్లాసులో చాయ్ తాగేవారు బాబా. తర్వాత చేతులు కడుక్కుని, ‘పుస్తకం తే’ అనేవారు.

అది చేత్తో రాసిన పారసీ పుస్తకం. ఎర్ర మఖ్మల్ గుడ్డలో చుట్టి దివానియా పక్క గదిలోని బీరువాలో పెట్టేవాళ్లం. పాత ఇరాన్ రాజుల చరిత్ర అందులో ఉంది. ఆయన ఒక పేజీ పైకి చదివి, నాకు అర్థమయ్యేలా చెప్పేవారు. ఒక రాజు దేశమంతా దారులు వేయించి, దారి పొడవునా గుర్రాలు మార్చుకోవడానికి మజిలీలు కట్టించాడట. నేల కింద సొరంగ కాలువలు తవ్వి కొండల నీళ్లను ఎడారి ఊళ్లకు తెచ్చేవారట. తర్వాత అరబ్బులు వచ్చారు. రాజ్యం పోయింది, మతం మారింది.

“లిపి వాళ్లది తీసుకున్నాం. మాట మాత్రం మాదే ఉంచుకున్నాం,” అనేవారు బాబా. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వీపు నిటారుగా అయ్యేది.

ఒకసారి నేను అడిగాను, ఈ పుస్తకం ఎక్కడిదని.

“ఇరాన్‌లోని షీరాజ్‌లో రాసింది. మా తాత పడవ ఎక్కినప్పుడు చంకలో పెట్టుకుని తెచ్చాడు. బడిలో పిల్లలు నన్ను అజమీ అజమీ అని ఏడిపించేవాళ్లు. నేను ఏడుస్తూ ఇంటికొస్తే మా నాన్న ఇది తెరిచి చూపించేవాడు. చూడు, మనం ఎక్కడి నుంచి వచ్చామో చూడు, అనేవాడు.”

పుస్తకం బీరువా ఉన్న గదిలో, బీరువాకు పైన గోడకు ఒక పాత ఏసీ ఉంది. ఎండలు ముదరకముందే దాని నీళ్ల పైపు శుభ్రం చేయమని మామా నాతో చెప్పారు. దుమ్ము పేరుకుంటే పైపు మూసుకుపోతుంది. అదే వారం ఇంట్లో తివాచీల ఉతుకుడు పడింది. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకున్నాను. మామా మళ్లీ అడిగినప్పుడు, “ఖలాస్ మామా, అయిపోయింది,” అన్నాను. అనేశాక నేనే మరిచిపోయాను.

జూన్‌లో ఒక గురువారం పొద్దున బాబా పుస్తకం అడిగితే బీరువా తలుపు తీశాను. వెనక చెక్క మీదుగా నీళ్లు జారుతున్నాయి. మఖ్మల్ గుడ్డ తడిసి బరువెక్కి ఉంది. విప్పితే ఎర్ర రంగు నా వేళ్లకు అంటుకుంది. పుస్తకం ముందు భాగం పొడిగానే ఉంది. వెనక అట్ట, చివరి ముప్పై నలభై పేజీలు నానిపోయాయి. పేజీల అంచుల్లోకి ఎరుపు పాకింది.

నేను బయటికి వచ్చేసరికి నా ముఖం చూసి బాబా లేవబోయారు. ఏమీ దాచలేక పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన నానిన అట్టను అరచేత్తో మెల్లగా తడిమారు. కేకలు వేసి ఉంటే బాగుండుననిపించింది. మామా పరుగున వచ్చి చూశారు. “పైపు శుభ్రం చేశావు కదా, మళ్లీ ఎలా కారింది?” అని అడిగారు. “ఏసీ పాతదైపోయింది మామా,” అన్నాను.

మామా హెయిర్ డ్రయ్యర్ తేబోయారు. నేను వద్దన్నాను. మా నాయనమ్మ చిన్నతనంలో కోరుట్లలో కాగితం తయారుచేసే వాళ్ల ఇళ్లకు కూలికి వెళ్లేది. ఆ రోజుల్లో పట్వారీల లెక్కలకు, కచేరీ దస్తావేజులకు మా కోరుట్ల కాగితం వాడేవారు. నారను నానబెట్టి, దంచి, తొట్టిలో కలిపి, సన్నటి పుల్లలతో అల్లిన పరక చాపతో ఒక్కో పొర పైకి తీసేవారట. గోడకు అంటించి ఆరబెట్టేవారట. ఆరిన కాగితాన్ని నున్నటి రాయితో రుద్ది మెరుపు తేవడం నాయనమ్మ పని. ముసలితనంలో కూడా ఆమె కుడి భుజం కొంచెం కిందికి ఉండేది. నా బడి పుస్తకం వానకు తడిసినప్పుడల్లా, “తడి కాయిదాన్ని గుంజినవో, చేతికే వస్తది. వేడి తాకియ్యకు. ఆరెదాక దాని జోలికి పోకు,” అనేది.

ఆ మాటలే మామాకు చెప్పాను. ఆవిడ నన్ను ఒక నిమిషం చూసి, “సరే, నువ్వే చెయ్యి,” అన్నారు.

బస్సెక్కి హవల్లీ వెళ్లి అచ్చు లేని తెల్ల కాగితం రెండు కట్టలు తెచ్చాను. దివానియాలో ఎండ పడని మూల బల్ల వేశాం. పుస్తకాన్ని నిలబెట్టి, పేజీ పేజీకి మధ్య తెల్ల కాగితం పెట్టి, నీరు పీల్చగానే మార్చాను. పూటకు మూడుసార్లు. రాతకు వాడిన సిరా గట్టిది, చెక్కుచెదరలేదు. ఎర్ర గీతలు గీసిన చోట మాత్రం కొంచెం మసకబారింది. బాబా రోజూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను కాగితం మార్చేటప్పుడల్లా ఆయనా ముందుకు వంగి చూసేవారు.

నా మనసు మాత్రం కుదురుగా లేదు. వంటింట్లో అక్క పసిగట్టింది.

“ఏంటి తమ్ముడూ, అలా నీరుగారిపోయేవు? పుస్తకం బాగానే ఆరతందంట కదా.”

“అది గాదక్కా. పైపు నేను సాఫ్ చెయ్యలేదు. చేసిన అని మామాకు అబద్ధం చెప్పిన.”

అక్క ఉల్లిపాయ తరగడం ఆపింది. “అయ్యో రామ... మరైతే చెప్పెయ్యకపోయేవా?”

“ఎట్ల చెప్పాలె? ఇంటికి పంపిస్తే?”

“పంపిత్తే పంపిత్తారు. అలా కడుపులో పెట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతావు? అన్నం కూడా సరిగ్గా తింటంలేదు నువ్వు,” అని, నాకు కంచం పెట్టి మళ్లీ తన పనిలో పడిపోయింది.

తొమ్మిదో రోజో పదో రోజో, చివరి పేజీ దగ్గరికి వచ్చాను. అందులో ఏమీ రాసి లేదు. ఆ ఖాళీ పేజీ ఒక మూల చిన్నగా లేచి ఉంది. కింద ఇంకో పొర కనిపించింది. అది రెండు కాగితాలని అప్పుడు అర్థమైంది. ఎప్పుడో ఎవరో చివరి పుట మీద తెల్ల కాగితం అంటించారు. ఇన్నాళ్లకు నీళ్లు తగిలి ఆ జిగురు వదులైంది.

“బాబా, దీని కింద ఏదో రాత ఉంది,” అన్నాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగారు. “తియ్యి.”

“చినిగితే?”

“నెమ్మదిగా తియ్యి.”

సన్నటి దబ్బనం లాంటి ఎముక పుల్ల ఒకటి మామా దగ్గర ఉంది, కాగితాలు మడవడానికి వాడేది. దాన్ని పొరల మధ్య పెట్టి కొంచెం కొంచెంగా జరిపాను. చాలాసేపు పట్టింది. చివరికి పై కాగితం చినగకుండా ఊడి వచ్చింది. కింద ఏడు వరుసల రాత, కిందికి వచ్చే కొద్దీ సన్నబడుతూ త్రికోణంలా ఉంది.

బాబా వేలు ఆనించకుండా, గాలిలో కదుపుతూ చదివారు. పుస్తకం నకలు రాసినవాడు తనను తాను అల్పుడినని చెప్పుకున్నాడు. పేరు ఉన్న చోట పురుగు తినేసింది. తప్పులుంటే మన్నించమని వేడుకున్నాడు. తర్వాత ఊరి పేరు. అక్కడికి వచ్చి ఆయన కళ్లద్దాలు సరిచేసుకున్నారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

“ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్.”

నేను తుళ్లిపడ్డాను. “హైదరాబాదా? మా హైదరాబాదా?”

బాబా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, “నన్ను గదికి తీసుకెళ్లు,” అన్నారు.

ఆ వారం ఆయన పుస్తకం వైపు రాలేదు. సాయంత్రం నడక వద్దన్నారు. గురువారం రొట్టె తుంచి, అలాగే పక్కన పెట్టేశారు. నేను ఏదో తప్పు చేసినవాడిలా ఆయన చుట్టూ తిరిగాను. నిజానికి తప్పు చేసే ఉన్నాను.

మామా మాత్రం ఆ ఏడు వరుసలను ఫోన్‌లో ఫోటో తీసుకుని, రెండు మూడు రోజులు పుస్తకాలు తిరగేశారు. ఒక మధ్యాహ్నం బాబా మంచం పక్కన కూర్చుని చెప్పారు. నేను మందులు సర్దుతూ అక్కడే ఉన్నాను. ఆవిడ అరబ్బీలో చెప్పినది నాకు అర్థమైనంత మేరకు ఇది. వందల ఏళ్ల పాటు దక్కన్ రాజుల కొలువుల్లో పారసీయే కచేరీ భాష. ఇరాన్ నుంచి పండితులు, వైద్యులు, సిపాయిలు, వ్యాపారులు పడవలెక్కి అక్కడికి వెళ్లేవారు. హైదరాబాద్ ఊరి నక్షా గీసిన మంత్రి కూడా ఇరాన్ వాడేనని చెబుతారు. అక్కడ పారసీ పుస్తకాలు రాయడం వింతేమీ కాదు. ఫర్ఖుందా అంటే శుభప్రదమైన అని, ఫర్ఖుందా బునియాద్ అన్నది ఆ ఊరికి పాత బిరుదు.

“అది కాదు నా బాధ,” అన్నారు బాబా. “మా నాన్న నాకు అబద్ధం చెప్పాడా? లేక ఆయనకూ తెలియదా?”

మామా ఆయన దుప్పటి సర్దుతూ, “మీ తాతయ్య దుకాణం పెట్టకముందు ముత్యాలు అమ్మడానికి బొంబాయి వెళ్లేవాడు కదా?” అన్నారు.

“బొంబాయికి, అక్కడి నుంచి రైల్లో హైదరాబాద్‌కు కూడా. నిజాం ఊళ్లో ముత్యాలు బాగా కొంటారని చెప్పేవాడట.” బాబా మంచం మీద లేచి కూర్చున్నారు. “పరాయి ఊరి బజారులో తన భాష పుస్తకం కనబడి ఉంటుంది. కొనుక్కుని ఉంటాడు.”

“కాగితం ఎవరు అంటించారు మరి?”

“అమ్మినవాడే అంటించాడేమో, షీరాజ్‌దని చెప్పి అమ్మడానికి. లేదా తాతే అంటించాడేమో. ఇక ఎవరిని అడుగుతాం?”

మర్నాడు నడకకు వస్తానన్నారు. వీధిలో నాలుగడుగులు వేశాక నన్ను అడిగారు, “బునియాద్ అంటే నీకు తెలుసా?”

“తెలుసు బాబా. మా భాషలో బునాది అంటాం. ఇల్లు కట్టే ముందు తవ్వి రాళ్లు వేస్తారే, అది.”

ఆయన ఆగిపోయారు. “మీ భాషలోనా? ఉర్దూలో కాదు?”

“కాదు బాబా, తెలుగులోనే. ఉర్దూ ముక్క రానివాళ్లు కూడా బునాది అనే అంటారు.”

“ఇంకా చెప్పు.”

తలుపును మా వైపు దర్వాజ అంటామని, ఆసుపత్రిని దవాఖాన అంటామని చెప్పాను. సంతకం పెట్టడాన్ని మా ఊళ్లో పెద్దవాళ్లు దస్కతు అంటారని, చేతిరాతను దస్తూరి అంటామని చెప్పాను. కాగితం మాట కూడా మీదేనట, మా నాయనమ్మ కాయిదం అనేదని చెప్పాను. “కాయిదం, కాయిదం,” అని ఆయన రెండుసార్లు పలికి చూసుకున్నారు. పుస్తకం తడిసిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

“మరి ఈ పుస్తకం కాగితం మీ ఊరిదేనా? చూసి చెప్పగలవా?”

నాకు అవునని చెప్పాలని ఎంతో ఉంది. వెలుతురుకు పెట్టి చూసినప్పుడు పరక చాప గీతలు నేనూ చూశాను. కానీ అలాంటి కాగితం చాలా ఊళ్లలో చేసేవారు. “చెప్పలేను బాబా. నాకు అంత తెలియదు,” అన్నాను.

ఆయన తల ఊపారు. మరికొంత దూరం నడిచాక అన్నారు, “ఆ నీళ్లు కారడం కూడా దేవుడు చేసిన పనే అనిపిస్తోంది. లేకపోతే నేను తెలియకుండానే పోయేవాణ్ని.”

ఆ మాట విన్నాక నేను ఇక ఓర్చుకోలేకపోయాను. “దేవుడు కాదు బాబా, నేను. పైపు శుభ్రం చేయలేదు. చేశానని మామాకు అబద్ధం చెప్పాను,” అన్నాను.

ఆయన నా చెయ్యి వదిలేశారు. గోడ పట్టుకుని ఒక్కరే నాలుగడుగులు వేసి నిలబడ్డారు. ఎండ తగ్గుముఖం పట్టినా నేల ఇంకా కాలుతూనే ఉంది.

“పైపు సంగతి సరే. అందరం మరిచిపోతాం,” అన్నారు చివరికి. “ఖలాస్ అన్నావు చూడు, అది. నువ్వూ ఒక కాగితం అంటించావు.”

“అవును బాబా.”

“నా కూతురికి నువ్వే చెప్పు. నేను చెప్పను.”

ఆ సాయంత్రమే మామాకు చెప్పాను. ఆవిడకు నిజంగా కోపం వచ్చింది. అరబ్బీలో గట్టిగా చాలా అన్నారు, సగం నాకు అర్థం కాలేదు, అర్థమైన సగం నాకు దక్కాల్సిందే. నాలుగు రోజులు పని చెప్పడానికి తప్ప మాట్లాడలేదు. ఇంటికి మాత్రం పంపించలేదు. ఇప్పటికీ ఏ పని అయిందన్నా, ఆవిడ వచ్చి కళ్లతో చూసి వెళ్తారు. నాకు అందులో బాధేమీ లేదు. అక్క మాత్రం ఆ రోజు నాకు చేపల పులుసు వండిపెట్టి, “తిను, ఇప్పుడైనా కడుపునిండా తిను,” అంది.

ఆ తర్వాతి శుక్రవారం దివానియాకు చుట్టాలు ఏడెనిమిది మంది వచ్చారు. బాబా పుస్తకాన్ని తన ఒళ్లో పెట్టుకుని, తడిసిన సంగతీ, అంటించిన కాగితం సంగతీ చెప్పారు. చివరి పుట తీసి ఏడు వరుసలూ పైకి చదివారు. నేను చాయ్ పోస్తున్నవాణ్ని కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆయన పినతండ్రి కొడుకు ఒకాయన ఉన్నాడు, డెబ్బై దాటినవాడు. ఆయనకు నచ్చలేదు. “ఇన్నేళ్లూ షీరాజ్ అని చెప్పుకున్నాం. ఇప్పుడు హిందుస్తాన్‌లో రాసిందని చెప్పడం దేనికి? ఆ కాగితం మళ్లీ అంటించెయ్. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుసు కదా,” అన్నారు బాబా.

“పిల్లలకు ఏం చెబుతావు మరి?”

“మన భాష అంత దూరం వెళ్లిందని చెబుతాను. అక్కడి మనిషి ఒకడు మన రాజుల కథ కూర్చుని మొత్తం రాశాడని చెబుతాను. తప్పులుంటే మన్నించమన్నాడు పాపం. నేను ఇన్నేళ్లు చదివాను, నాకు ఒక్క తప్పు కనబడలేదు.” ఇలా అని నా వైపు చూపించి, “ఇతను వాళ్ల వైపు వాడే. వాళ్లు బునియాద్‌ను ఏమంటారో అడుగు,” అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. నా చెవులు వేడెక్కాయి. “బునాది,” అన్నాను. ఒకాయన దర్వాజా అడిగాడు, ఇంకొకాయన బజారు అడిగాడు. కాసేపు ఆ ఆట సాగింది. పినతండ్రి కొడుకు మాత్రం మూతి ముడుచుకుని, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

మామా పుస్తకానికి తగిన పెట్టె చేయించారు. అంటించిన కాగితాన్ని కూడా పారేయలేదు, పెట్టెలోనే ఒక కవరులో ఉంచారు. అంచుల ఎరుపు పోలేదు, పోదు.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. గేటు తీస్తే ఆ పినతండ్రి కొడుకే. చేతిలో గుడ్డలో చుట్టిన పాత కాగితాల కట్ట ఉంది. బాబా పడుకున్నారని చెప్పాను. లేపొద్దన్నాడు.

“నీతోనే పని,” అన్నాడు, వచ్చీరాని హిందీలో. “మా ఇంట్లో నాన్న వదిలిన కాగితాలు. వీటిలో కూడా దేని మీదైనా ఏదైనా అంటించారేమో చూడు. నీళ్లు మాత్రం తగలనివ్వకు.”

లోపలికి తీసుకొచ్చి, కూర్చోబెట్టి, చాయ్ పెట్టాను. చేతులు కడుక్కుని తుడుచుకుని, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, కట్ట ముడి విప్పాను.